మా తమ్ముడి మాటల బడి

మా తమ్ముడికి మాట్లాడటం నేర్పిస్తామని ఆసుపత్రిలో చెప్పిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నడవడం, నమలడం లాగే మాట్లాడటం కూడా దానంతట అది రావాలి గానీ, బడి పెట్టి నేర్పేదేమిటి? మా ఇంట్లో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. మా నాన్న బట్ట కత్తిరిస్తూ మాట్లాడేవాడు. మా అమ్మ పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కూడా మాట్లాడేది, ఒక్క సూది కూడా జారేది కాదు. నన్నయితే చుట్టాలందరూ వసపిట్ట అనేవాళ్ళు. ముగ్గురు ఏకధాటిగా మాట్లాడే ఇంట్లో నాలుగోవాడు వినక ఏం చేస్తాడు? మా తమ్ముడికి చిన్నప్పుడే నోట్లో నాలుక లేనివాడని పేరొచ్చింది.

నాలుక లేకపోతేనేం, వాడికి చేతులున్నాయి. మాది కుట్టుపని ఇల్లు. పద్నాలుగేళ్ళు నిండకముందే వాడు చొక్కాలకీ కోట్లకీ చేత్తో కాజాలు కుట్టేవాడు. గుండీ పట్టేంత గాటు పెట్టి, దాని అంచు పొడవునా ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవడం చూడటానికి తేలిక. చేసి చూస్తే తల ప్రాణం తోకకొస్తుంది. ముడులు ఎడమైతే పోగులు బయటికొస్తాయి. దారం బిగిస్తే కాజా మూతి వంకర పోతుంది. మా తమ్ముడు కుట్టిన మొదటి కోటు కాజాలు చేతిలోకి తీసుకుని మా నాన్న కాసేపు మాట్లాడటం ఆపేశాడు. మా ఇంట్లో అంతకు మించిన మెచ్చుకోలు ఉండేది కాదు.

ఇరవై మూడో ఏట వాడికి జబ్బు చేసింది. కొలత టేపు మీది అంకెలు తనకేదో కబురు పంపుతున్నాయన్నాడు. ఎవరూ లేని గదిలో ఎవరికో జవాబు చెప్పాడు. స్కిజోఫ్రీనియా అన్నారు. ఆ పేరు తిన్నగా పలకడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు మా వీధిలో దాన్ని నా అంత బాగా పలికేవాళ్ళు లేరు. ఇదంతా జరిగి ఇరవై ఒక్క సంవత్సరాలు. అమ్మా నాన్నా పోయారు. ముందు గదిలో కుట్టు దుకాణం, వెనక గదుల్లో మేము: నేను, మా ఆయన, తమ్ముడు. మా ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య ఉండి వస్తాడు కనక నేను ఎంత మాట్లాడినా ఇల్లు ప్రశాంతంగానే ఉందంటాడు.

మందులతో వాడు కుదుటపడ్డాడు. కానీ తొమ్మిదేళ్ళ కిందట మందు పెంచాల్సి వచ్చింది, ఎందుకో తర్వాత చెబుతాను. అప్పటి నుంచి చేతులకి వణుకు పట్టుకుంది. గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొస్తే మనదాకా సగమే చేరతాయి. అయినా వాడు కాజాలు వదల్లేదు. రోజూ నాలుగో ఐదో కుడతాడు. తోబుట్టువుని కనక అనకూడదు గానీ, అంటాను: పళ్ళూడిన నోళ్ళలా ఉంటాయి. పొద్దున్నే వాడు లేచేలోపు నేను వాటిని విప్పి, మళ్ళీ కుట్టి, ఏమీ ఎరగనట్టు మడత పెట్టేస్తాను. వాడికి తెలియదు. తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు.

నెలకో మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. బయట బెంచీల నిండా జనం. లోపల మా వంతుకి నాలుగు నిమిషాలు.

"ఎలా ఉన్నాడమ్మా?"

"బాగున్నాడండీ."

"నిద్ర?"

"పడుతోందండీ."

"ఎవరివో గొంతులు వినపడటం అదీ?"

"అబ్బే, లేవండీ."

చీటీ నా చేతికి వచ్చేది. నాలుగు నిమిషాల పని నేను రెండు నిమిషాల్లో తెమిల్చేసేదాన్ని కనక మా వెనక వాళ్ళకి నేనంటే ఎంతో అభిమానం. తమ్ముడు పక్క కుర్చీలో కూర్చుని బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ వంక చూస్తూ ఉండేవాడు.

ఒకసారి ఆ డాక్టరే చీటీ రాయడం ఆపి, "ఇతనికి మాటలు బాగా తగ్గిపోయాయమ్మా. ఇలా ఏళ్ళ తరబడి జబ్బున్నవాళ్ళకి నలుగురిలో మసలుకోవడం మళ్ళీ మొదటి నుంచి నేర్పిస్తున్నారు. వారానికి రెండు రోజుల చొప్పున ఆరు నెలలు పంపించండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది అప్పుడే. మండినా పంపించాను. డాక్టరు మాట కాదంటే రేపు ఏదైనా అయినప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?

ఆ బడి రంగుల డబ్బాలు అమ్మే షాపు మీద రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటేనే రంగు వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. ఒక గది, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఒక అట్ట. నేర్పే పిల్లకి మహా ఉంటే ఇరవై ఆరేళ్ళుంటాయి. నా కత్తెర అంతకంటే పెద్దది. అట్ట మీద లావుపాటి అక్షరాలతో నాలుగు ముక్కలు రాసింది. ఒకటి, ఎదుటివారి ముఖం చూడాలి. రెండు, వినపడేటట్టు మాట్లాడాలి. మూడు, కావలసింది సూటిగా అడగాలి. నాలుగు, జవాబు పూర్తిగా వినాలి. చదివి నేను ఫక్కున నవ్వాను. "ఇదేనా? దీనికి ఆరు నెలలా?" అన్నాను. టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, "కుటుంబ సభ్యులకి కూడా ఒక రోజుంటుంది, మీరూ రావాలక్కా" అంది. దాని అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

క్లాసులో మా తమ్ముడితో కలిపి ఆరుగురు. అందరికీ ఇదే జబ్బు, అందరికీ ఏళ్ళ తరబడి ఉన్నదే. వాళ్ళలో ఒకాయన ఒకప్పుడు లెక్కల మేష్టారు. ఇప్పుడు పాఠం చెప్పకపోయినా మార్కులు వెయ్యడం మానలేదు. ఎవరు ఏం మాట్లాడినా చివర "పదికి ఆరు" అనో "పదికి ఏడున్నర" అనో అంటాడు. వాళ్ళ చదువంతా ఉత్తుత్తి నాటకం. ఒకరు షాపువాడు, ఒకరు కొనేవాడు. ఒకరు బస్సు కండక్టరు, ఒకరు చిల్లర లేనివాడు. తర్వాత ఇంటికి పని ఇస్తారు, ఆ నాటకం నిజం మనుషులతో ఆడి రమ్మని.

మొదటి వారం ఇచ్చిన పని: తెలిసినవారితో మాట కలపాలి, వాతావరణంతో మొదలుపెట్టవచ్చు. మా తమ్ముడు ఎంచుకున్న మనిషి పక్క దుకాణం చెప్పులాయన. ఎంచుకున్న వాక్యం, "ఈ రోజు ఎండ బాగా కాస్తోందండీ." గది మూల నిలబడి గోడతో ఆ వాక్యం రెండు రోజులు సాధన చేశాడు. మూడో రోజు వాన పట్టుకుంది.

"వాన బాగా పడుతోందండీ అను, ఏం పోయింది?" అన్నాను.

"ఎండ అని నేర్చుకున్నానక్కా" అన్నాడు.

ఎండ కోసం మూడు రోజులు గుమ్మంలో నిలబడి ఆకాశం చూశాడు. నాలుగో రోజు పది గంటలకి మబ్బు విడింది. మనిషి గుమ్మం దాటి వెళ్ళాడు. పన్నెండైంది, రాలేదు. ఒంటిగంట కావస్తోంది, రాలేదు. మెడలో టేపుతోనే వీధిలోకి పరుగెత్తాను.

చెప్పులాయన దుకాణం ముందు మా వాడు నిటారుగా నిలబడి ఉన్నాడు. చూపు ఆయన ముఖం మీద మేకు కొట్టినట్టుంది. ఆయన తన మోకాలి ఆపరేషన్‌తో మొదలుపెట్టి, పెద్దల్లుడి అలక దాటి, తను ఒకటో తరగతిలో తిన్న దెబ్బల దాకా వచ్చేశాడు.

"ఏరా, అన్నానికి రావా?"

"జవాబు ఇంకా పూర్తి కాలేదక్కా."

చెప్పులాయన కళ్ళు తుడుచుకుని, "అమ్మా, నా మాట ఇంత ఓపిగ్గా విన్నవాడు ఈ భూమ్మీద లేడు. రోజూ పంపించు తల్లీ" అన్నాడు. వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొస్తూ, "మూడు గంటలు ఏం నిలబడ్డావురా? మధ్యలో వస్తానని చెప్పి వచ్చెయ్యొచ్చుగా?" అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. "సంభాషణ ముగించడం వచ్చే గురువారం చెబుతారక్కా."

గురువారం చెప్పారు. శుక్రవారం నుంచి నా పని అయిపోయింది. వంటింట్లో నేను ఏదో చెబుతూ ఉంటాను, వాడు నా ముఖం చూసి, "నీతో మాట్లాడటం సంతోషంగా ఉందక్కా. ఇక సెలవు తీసుకుంటాను" అని చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోతాడు. రెండు గదులకీ మధ్య ఎనిమిది అడుగులు. మా ఆయన పెరట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు. వచ్చి వాడి పక్కన చేరి, "ఆ వాక్యం నాకూ ఒక కాగితం మీద రాసివ్వు" అన్నాడు. నాకు వినపడదనుకున్నాడు.

ఆ తర్వాతి పాఠం కాదనడం. ఎదుటివారు నొచ్చుకోకుండా వద్దని ఎలా చెప్పాలో నేర్పించారట. మర్నాడు మధ్యాహ్నం నేను మూడోసారి కూర వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "వద్దక్కా. కడుపు నిండింది. అడిగినందుకు థాంక్స్" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా వాడికి ఎప్పుడు కడుపు నిండిందో చెప్పేది నేను. పైగా తోడబుట్టినదానికి థాంక్సా! గరిటె గిన్నెలో పడేసి, "ఈ బడి మాన్పించేస్తాను" అన్నాను. "పదికి తొమ్మిది" అన్నాడు మా ఆయన. మేష్టారి సంగతి మా తమ్ముడు ఆయనకి కూడా చెప్పినట్టున్నాడు.

నాలుగో నెలలో కుటుంబ సభ్యుల రోజు వచ్చింది. నేను ఉతికిన బట్టలు ఇస్త్రీ చేసి కట్టుకుని వెళ్ళాను. నాలుగు మంచి మాటలంటారని, ఇన్నేళ్ళు ఎలా చూసుకున్నారమ్మా అని ఎవరైనా అడుగుతారని ఆశ. అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుని ఉంచుకున్నాను.

టీచరమ్మ మా తమ్ముణ్ణి నిలబెట్టి, "మీకు నిజంగా ఎవరితో మాట్లాడాలని ఉంది?" అంది.

"డాక్టరుగారితో."

"ఏం మాట్లాడాలని?"

"నా చేతుల గురించి."

నాకు కుర్చీలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. నాతో వాడు ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆలోచించుకునేలోపే టీచరమ్మ నన్ను లేపి బల్ల వెనక కూర్చోబెట్టి, "మీరే డాక్టరుగారక్కా" అంది. డాక్టరులా కనిపించాలని లెక్కల మేష్టారు తన కళ్ళజోడు తీసి నాకు పెట్టాడు. నేను గొంతు బరువు చేసుకుని, "ఎలా ఉన్నావు బాబూ?" అన్నాను.

మా తమ్ముడు నా ముఖం చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"బాగున్నాడండీ" అన్నాను నేను.

గది గొల్లుమంది. డాక్టరునై అడిగిందీ నేనే, అక్కనై చెప్పిందీ నేనే. "మళ్ళీ చేద్దాం" అంది టీచరమ్మ, పెదవి కొరుక్కుంటూ. రెండోసారి, "నిద్ర పడుతోందా?" అని అడిగి, "పడుతోందండీ" అన్నాను. నా ప్రమేయం లేదు, నోరు దానంతట అది తెరుచుకుంటోంది. మూడోసారి, "అక్కా, అడిగాక పెదాలు బిగించి పట్టుకోండి" అంది. బిగించాను. వాడు ఆలోచిస్తున్నాడు. నా లెక్కలో అరగంట గడిచింది. టీచరమ్మ గడియారంలో పదకొండు సెకన్లట. నోరైతే తెరవలేదు గానీ, బాగున్నాడన్నట్టు తల ఊపేశాను.

లెక్కల మేష్టారు లేచి నిలబడి మార్కులు చదివాడు. వినపడేటట్టు మాట్లాడటంలో పదికి పది. జవాబు వినడంలో సున్నా. "ఒకటైనా వేద్దామని చూశానమ్మా, ఎక్కడ వెయ్యాలో తెలియలేదు" అన్నాడు. ఆ గదిలో నాకంటే తక్కువ మార్కులు ఎవరికీ రాలేదు.

"మీరు కదలకండి, అతనే చెబుతాడు" అంది టీచరమ్మ. నాలుగోసారి నేను రెండు చేతులూ నోటి మీద పెట్టుకున్నాను. అప్పుడు మా తమ్ముడు చెప్పాడు. మెల్లగా, ఒక్కో మాటా తీసి బల్ల మీద పెడుతున్నట్టు చెప్పాడు.

"చేతులు వణుకుతున్నాయండీ. కాజాలు సరిగా కుట్టలేకపోతున్నాను. నేను కుట్టినవన్నీ మా అక్క పొద్దున్నే విప్పి మళ్ళీ కుడుతుంది. నాకు తెలియదనుకుంటుంది. మందు మార్చడం వీలవుతుందా అండీ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేష్టారు కూడా మార్కులు చెప్పలేదు. నాకు కళ్ళ ముందంతా అలుక్కుపోయింది. మేష్టారి కళ్ళజోడు వల్లనేనని వాళ్ళనుకునేటట్టు దాన్ని తీసి గట్టిగా తుడిచి ఇచ్చేశాను.

మెట్లు దిగుతూనే వాడి మీద విరుచుకుపడ్డాను. "నలుగురిలో నా పరువు తీస్తావా? కాజాలు లేకపోతే ఇల్లు గడవదా? నేను కుట్టడం లేదూ? మందు జోలికి వెళ్ళావంటే ఊరుకోను."

వాడు రోడ్డు మధ్యలో ఆగి నా ముఖం చూశాడు. "నాకు కుట్టాలని ఉందక్కా" అన్నాడు.

నా కోపం వెనక ఉన్నదేమిటో ఇప్పుడు చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట వాడు పగలంతా మగతగా పడి ఉంటున్నాడని అప్పటి డాక్టరుని బతిమాలి మందు తగ్గించేలా చేసింది నేనే. మూడు వారాలకి వాడు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు వెతికాం. మా ఆయన తన బస్సు ఆగే ప్రతి స్టాపులోనూ దిగి వాడి ఫొటో చూపించాడు, ప్రయాణికులు తిడుతున్నా వినిపించుకోలేదు. చివరికి ఒక గోడౌను వెనక దొరికాడు. కాళ్ళకి చెప్పులు లేవు, పెదాలు పగిలిపోయాయి. నేను దగ్గరికి వెళ్తే భయంతో గోడకి అతుక్కుపోయి, "ఎవరు నువ్వు?" అన్నాడు. ఆ మాట నేను ఈ జన్మకి మరిచిపోలేను. ఆ తర్వాతే మందు పెంచారు, చేతులు వణికాయి, వాడు మళ్ళీ నన్ను అక్కా అని పిలిచాడు. వణికితే వణకనీ అనుకున్నాను. అప్పటి నుంచి డాక్టరు అడగడమే తరువాయి, బాగున్నాడండీ అంటున్నాను.

రెండు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని చెప్పులాయన వచ్చి పలకరించి వెళ్ళాడు. మూడో రోజు పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ మా ఆయన గుమ్మంలో ఆగాడు. ఆయన ఒకేసారి రెండు వాక్యాల కంటే ఎక్కువ మాట్లాడితే నేను వంట ఆపి వింటాను.

"అప్పుడు వాడికి లోపల ఏమవుతోందో మనకెవరికీ తెలియలేదు, వాడు చెప్పలేకపోయాడు గనక. ఇప్పుడు చెబుతున్నాడు. చెప్పేవాడి నోరు మూస్తే, ఈసారి తప్పు మందుది కాదు" అన్నాడు. ఆగి, జేబులోంచి కాగితం తీసి చూసుకుని, "నీతో మాట్లాడటం సంతోషంగా ఉంది. ఇక సెలవు తీసుకుంటాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ అయ్యాక పొయ్యి వెలిగించాను.

మంగళవారం వచ్చింది. మా తమ్ముడు తను కుట్టుకున్న చొక్కా తొడుక్కున్నాడు. ఆ కాజాలు నేను ముట్టుకోలేదు. ఆసుపత్రికి చేరేలోపు మూడు గుండీలు వాటంతట అవే ఊడాయి, మూడుసార్లూ వాడే పెట్టుకున్నాడు. బయట బెంచీ మీద మా వెనక వంతువాళ్ళందరూ నన్ను చూసి సంబరపడ్డారు, తమ వంతు త్వరగా వస్తుందని.

డాక్టరు తల ఎత్తకుండానే కలం తీశాడు. "ఎలా ఉన్నాడమ్మా?"

నా నోరు తెరుచుకుంది. బాగున్నాడండీ అనే మాట నాలుక చివర ఉంది. అనేస్తే వాడు నాకు దక్కుతాడు, రేపూ ఎల్లుండీ ఇంట్లోనే ఉంటాడు, నన్ను అక్కా అంటాడు. అనకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. జవాబు రాకపోయేసరికి డాక్టరు తల ఎత్తి చూశాడు. నన్ను అంతసేపు మౌనంగా చూడటం ఆయనకి కొత్త.

"ఏమ్మా?"

"వాడు చెబుతాడండీ" అన్నాను. నాకే సరిగా వినపడలేదు.

డాక్టరు మా తమ్ముడి వైపు తిరిగాడు. వాడు ఆయన ముఖం చూశాడు. బయట నర్సు తర్వాతి నంబరు పిలిచింది. డాక్టరు చూపు గడియారం మీదికి వెళ్ళి వచ్చింది. నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"చేతులు వణుకుతున్నాయండీ" అన్నాడు వాడు. "కాజాలు సరిగా కుట్టలేకపోతున్నాను. మందు మార్చడం వీలవుతుందా అండీ?"

డాక్టరు కలం కింద పెట్టాడు. చేతులు చాపమని పట్టుకుని చూశాడు, వేళ్ళు విప్పించాడు, మూయించాడు. "గొంతులు ఏమైనా వినపడుతున్నాయా?"

లేవండీ అని ఇన్నేళ్ళుగా నేను చెబుతున్న సంగతది.

"ఒకటి వినపడుతుందండీ" అన్నాడు మా తమ్ముడు.

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"ఏమంటుంది?"

"నా కాజాలు బాగాలేవంటుందండీ."

"మరి నువ్వేమంటావు?"

వాడు కాస్త ఆలోచించాడు. "ఆ విషయంలో అది చెప్పేది నిజమేనండీ."

ఆ డాక్టరుకి పళ్ళున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. నవ్వి, కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ గంభీరంగా కూర్చున్నాడు. "ఈ వణుకు మందు వల్లే. కొంచెం కొంచెంగా తగ్గించి చూద్దాం. కానీ తగ్గిస్తే ఆ గొంతు పెరగొచ్చు. అప్పుడెలా?"

"పెరిగితే వచ్చి చెబుతానండీ. రెండైతే నడిచి వస్తాను. మూడైతే పరుగెత్తుకొస్తాను."

"బాగుంది. వణుకు ఎన్నాళ్ళుగా ఉంది?"

"తొమ్మిదేళ్ళు."

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తొమ్మిదేళ్ళా! ఎందుకు చెప్పలేదు?"

అయిపోయింది, అనుకున్నాను. మా అక్క చెప్పనివ్వలేదండీ అంటాడు. అననీ, నిజమేగా. తల వంచుకుని కాచుకుని కూర్చున్నాను. మా తమ్ముడు నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ డాక్టరు వైపు తిరిగాడు.

"నేను తప్పిపోయినప్పుడు మా అక్క చాలా ఏడ్చిందండీ. మందు మాటెత్తితే మళ్ళీ భయపడుతుందని చెప్పలేదు" అన్నాడు.

నేను వాణ్ణి చూసుకుంటున్నాననుకున్నాను. ఈ తొమ్మిదేళ్ళూ, వణికే చేతులతో, పక్క కుర్చీలో నోరు మూసుకుని కూర్చుని, వాడు నన్ను చూసుకున్నాడు. మాటలు తగ్గిపోయాయని డాక్టరు రాసుకున్నాడు, నోట్లో నాలుక లేదని మేమనుకున్నాం.

డాక్టరు చీటీ రాసి అలవాటు కొద్దీ నా వైపు చాపాడు. నేను అందుకోలేదు. కాసేపటికి ఆయనకి అర్థమై చెయ్యి పక్కకి తిప్పాడు. మా తమ్ముడు అందుకున్నాడు. "వచ్చే మంగళవారం నుంచి వారం వారం చూపించాలి. ఒకరొస్తే చాలు" అన్నాడు డాక్టరు. "నేనొస్తానండీ" అన్నాడు వాడు.

బయటికొచ్చాక నడుస్తూ నడుస్తూ అడిగాను. "మరి మంగళవారాలు నేనేం చెయ్యాలిరా?"

"షాపు తియ్యక్కా" అన్నాడు.

తర్వాతి మంగళవారం షాపు తీశాను. వాడు తొమ్మిదింటికి వెళ్ళాడు. ఒకావిడ జాకెట్టుకి కొలతలిస్తే మూడుసార్లు తీశాను, మూడుసార్లూ వేరే అంకెలు వచ్చాయి. చెప్పులాయన వచ్చి తన మోకాలి సంగతి మొదలుపెట్టాడు, ఒక్క ముక్క చెవికెక్కలేదు. పదకొండు దాటింది. వీధి మలుపు దగ్గర ఎవరు కనిపించినా లేచి నిలబడ్డాను. పన్నెండుకి పది నిమిషాలుందనగా వాడు వచ్చాడు. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, చీటీ సొరుగులో పెట్టి, తన పీట లాక్కుని కూర్చున్నాడు.

ఏమన్నాడు, ఏం తగ్గించాడు, నువ్వేం చెప్పావు అని ఒక్క ఊపిరిలో అడగబోయి, ఒకటే అడిగాను. "ఏమైందిరా?"

"ఎలా ఉన్నావని అడిగారక్కా."

"ఏం చెప్పావు?"

వాడు సూది చేతిలోకి తీసుకున్నాడు. దారం కొస సూది బెజ్జం చుట్టూ తచ్చాడుతోంది. "భయంగా ఉందని చెప్పాను."

"నాకూ భయంగానే ఉందిరా" అన్నాను. ఇన్నేళ్ళలో ఇన్ని మాటలు మాట్లాడాను గానీ, ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

వాడు తల ఊపి, దారం కొస తడిచేసుకుని, మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టాడు.